'హూ', 'విచ్' రాకపోతే తప్పు తెలుగుదా?

తెలుగులో రిలేటివ్ ప్రొనౌన్ లేదు. అందుకే మన పిల్లలకు హూ ఎక్కడ, విచ్ ఎక్కడ, హూమ్ ఎక్కడ అన్నది ఎంత నూరిపోసినా ఎక్కదు. ఇంట్లో తెలుగు వినపడినంత కాలం ఇంగ్లీషు వాక్యం కుదురుకోదు. బడి ఎలాగూ మార్చారు కదా, ఇంట్లో మాట కూడా మార్చండి.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ల పిల్లల చదువుల గురించి నలుగురు కూర్చుంటే ఈ మాటలు ఏదో ఒక రూపంలో వినపడి తీరతాయి. (ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. ఓడ టికెట్టు కొనేవాళ్ల నోట్లో మాత్రం ఇంకా బ్లెయిరే.) ట్యూషన్ మాస్టారు అంటారు, ఉద్యోగం చేసే బాబాయి అంటాడు, జంగ్లీఘాట్‌లో వేటకు పోయి వచ్చే తండ్రి 'అంతేనేమో బాబూ' అని తలూపుతాడు. తన భాషే తన పిల్లకు అడ్డమని ఆ తండ్రి చేత ఇంత సులువుగా ఒప్పించగలిగారంటే ఒళ్లు మండుతుంది.

ఈ వాదంలో మొదటి మాటకు కొంత ఆధారం ఉంది. మిగతావి దాని వీపెక్కి వచ్చినవే. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

'నిన్న వచ్చిన మనిషి' అన్నప్పుడు తెలుగుకు హూ లాంటి మాటతో పని పడదు. క్రియనే విశేషణంగా మలిచి నామవాచకం ముందు నిలబెడుతుంది. చిన్నయసూరి దీన్ని ధాతుజ విశేషణం అన్నాడు. బడి పుస్తకాల్లో క్రియాజన్య విశేషణం. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేసిన కాల్డ్వెల్ లాంటివాళ్లు రిలేటివ్ పార్టిసిపుల్ అన్నారు. పేరులోనే రిలేటివ్ ఉందని గమనించండి. ఒక మనిషిని గురించి ఇంకో ముక్క చెప్పి, ఆ ముక్కను ఆ మనిషికే అతికించడం అనే పని తెలుగులో పొద్దున లేచింది మొదలు జరుగుతూనే ఉంటుంది. ఆ పని చేసేది సర్వనామం కాదు, క్రియారూపం. అంతే తేడా.

పైగా సర్వనామం బొత్తిగా లేదనడం కూడా తొందరపాటే. వచ్చినవాళ్లు, వచ్చినవి. మనుషులైతే వాళ్లు, మిగతావైతే అవి. హూకీ విచ్‌కీ మధ్య ఇంగ్లీషు గీసిన గీత సరిగ్గా ఇక్కడే ఉంది. ఏకవచనంలో ఆడమనిషిని తీసుకెళ్లి 'అది'లో కలిపేసిన పాత అలవాటు మన వ్యాకరణంలో ఉన్న మాట నిజమే, దాన్ని ఇంకెప్పుడైనా తిట్టుకుందాం. 'ఎవరు ముందొస్తారో వాళ్లకే సీటు', 'ఏ ఓడ దొరికితే ఆ ఓడలోనే పోదాం' అనే వాక్యాలు కూడా తెలుగే. వీటిని ఏ అనువాదకుడూ మనకు అప్పు తెచ్చి పెట్టలేదు.

ఇక తప్పుల దగ్గరికి వద్దాం. తెలుగు మీద పెట్టే కేసుల్లో అన్నిటికన్నా పెద్దది ఇది: 'ద మ్యాన్ హూమ్ ఐ మెట్ హిమ్ ఈజ్ మై అంకుల్.' హూమ్ వచ్చాక మళ్లీ హిమ్ ఎందుకు? దిద్దేవాళ్లు ఎర్ర సిరాతో హిమ్ కొట్టేసి, 'తెలుగులో ఆలోచించి రాస్తే ఇంతే' అంటారు. సరే, ఆ వాక్యాన్ని నిజంగానే తెలుగులో ఆలోచించి చూడండి. 'నేను అతన్ని కలిసిన మనిషి మా మావయ్య.' ఏ తెలుగు పిల్ల ఇలా మాట్లాడుతుంది? మాటలు కూడబలుక్కునే పసిది కూడా 'నేను కలిసిన మనిషి' అనే అంటుంది. అక్కడ ఒక ఖాళీ ఉందని తెలుగుకు తెలుసు. దాన్ని ఖాళీగానే వదిలేస్తుంది, అచ్చం ఇంగ్లీషులాగే. తెలుగులో ఆలోచించి ఉంటే ఆ పిల్ల ఈ తప్పు చేసి ఉండేది కాదు.

ఆ హిమ్ పుట్టిల్లు గ్రామర్ గైడు. 'కంబైన్ ద ఫాలోయింగ్ సెంటెన్సెస్' అని ఒక అభ్యాసం ఉంటుంది. రెన్ అండ్ మార్టిన్‌లో ఉంది, ఇవాళ జిరాక్సు సెంటర్లో దొరికే కొశ్చన్ బ్యాంకులో కూడా ఉంది. 'దిస్ ఈజ్ ద షిప్. వుయ్ కేమ్ ఇన్ ఇట్.' ఈ రెంటినీ విచ్ పెట్టి కలపమంటారు. పిల్ల మధ్యలో చుక్క తీసేసింది, విచ్ పెట్టింది, మిగతాది ఉన్నది ఉన్నట్టు దించింది: 'దిస్ ఈజ్ ద షిప్ విచ్ వుయ్ కేమ్ ఇన్ ఇట్.' ఇట్ అచ్చులో కళ్లెదురుగా ఉంది. ప్రశ్నలో ఇచ్చిన మాటను సొంత తెలివితో మింగెయ్యడానికి మార్కుల భయం ఉన్న ఏ పిల్లకు ధైర్యం చాలుతుంది? విచ్ వచ్చి ఇట్ కుర్చీలోనే కూర్చుంటుందనీ, ఇద్దరికీ అక్కడ చోటు లేదనీ ఆ అభ్యాసం చెప్పదు. చెప్పనిది పిల్ల చెయ్యలేదని చెప్పి నేరం ఇంటి భాష మీద మోపారు.

అసలు మాట్లాడేటప్పుడు రెండు వాక్యాలు విడివిడిగా తయారుచేసుకుని తర్వాత కుట్టుకునేవాళ్లను ఎక్కడైనా చూశారా?

అండమాన్‌లో ఈ వాదం ఇంకొక కారణం చేత కూడా నిలబడదు. ఇక్కడి సంగతి ఆంధ్రా, తెలంగాణల్లో ఉన్నవాళ్లకు అంతగా తెలియదు కాబట్టి చెప్పాలి. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. ఎక్కువ మంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపే. బెంగాలీలు 28 శాతం దాటారు, తమిళులు 15. ఇందరినీ కలిపేది హిందీ. అబర్డీన్ బజారులో కూరగాయలు కొనాలన్నా, పక్కింటి బెంగాలీ పిల్లలతో క్రికెట్ ఆడాలన్నా హిందీయే. ఇక్కడి తెలుగు పిల్లకు గుమ్మం లోపల తెలుగు, గుమ్మం దాటితే హిందీ. బడికి వెళ్లేనాటికే 'జో లడ్కా కల్ ఆయా థా, వో మేరా భాయి హై' అని గడగడా అంటుంది. ఆ జో ఏమిటి? అసలుసిసలు రిలేటివ్ ప్రొనౌన్. 'జిస్‌కో', 'జిస్‌మే', 'జిస్‌కా' అంటూ దాని విభక్తులు కూడా ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి. బెంగాలీ పిల్లాడికి సొంత భాషలోనే 'జే' ఉంది.

అంటే ఏది లేకపోవడం వల్ల తప్పులు వస్తున్నాయంటున్నారో అది ఈ పిల్లల దగ్గర పుష్కలంగా ఉంది. అయినా ఆ నోటుబుక్కుల్లో అదే హిమ్, అదే ఇట్. తెలుగు పిల్ల పుస్తకంలో ఉంది, పక్కబెంచీలో బెంగాలీ పిల్లాడి పుస్తకంలో కూడా ఉంది. ఇంట్లో హిందీ తప్ప వేరే భాష ఎరగని పిల్లలూ అదే రాస్తారు. ముద్దాయి తెలుగే అయితే వాళ్లందరికీ ఈ తప్పు ఎవరు నేర్పినట్టు?

ఇది మన దగ్గరి వింత కూడా కాదు. 1974లో జాక్లిన్ షాక్టర్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఇంగ్లీషు నేర్చుకుంటున్న విదేశీ విద్యార్థుల వ్యాసాలు ముందేసుకుని రిలేటివ్ క్లాజులు లెక్కపెట్టింది. పర్షియన్ వాళ్లు 174 రాశారు, 43 తప్పులు. అరబ్బులు 154, తప్పులు 31. చైనా వాళ్లు 76, తప్పులు 9. జపాన్ వాళ్లు 63 రాస్తే తప్పులు 5. ఎర్ర సిరా మాత్రమే చూసే మాస్టారు జపాన్ పిల్లలకు ఫస్టు ర్యాంకు ఇచ్చేస్తారు. షాక్టర్ అలా ఇవ్వలేదు. వాళ్లకు తప్పులు తక్కువ వచ్చింది ఆ నిర్మాణం జోలికే పోకపోవడం వల్ల అని చెప్పింది. జపనీస్‌లో కూడా తెలుగులాగే వర్ణన ముందు, నామం తర్వాత. చైనీస్‌లోనూ అంతే. పర్షియన్, అరబీ భాషల్లో ఇంగ్లీషులాగే నామం ముందు, వర్ణన తర్వాత.

ఈ లెక్కను తెలుగు మీదికి తిప్పాలనుకునేవాళ్లు ఉంటారు. 'చూశారా, తెలుగు లాంటి భాషలవాళ్లే కదా వెనకాడారు' అంటారు. వెనకాడారు, నిజమే. కానీ ఎందుకు? నడక దిక్కు మారినందుకు. సర్వనామం లేకపోవడమే జబ్బయితే, 'కే' అనే చక్కటి సంబంధవాచకం సొంత భాషలో ఉన్న పర్షియన్ వాళ్లకు 43 తప్పులు రాకూడదు. 'ఉంది' అన్నవాళ్లకు తప్పులు ఎక్కువ, 'లేదు' అన్నవాళ్లకు రాయాలంటే బెరుకు ఎక్కువ. ఆ బెరుకు మీద ఎర్ర సిరా కూడా పోస్తే ఏమవుతుందో ఇక్కడి నోటుబుక్కులే చెబుతాయి. 'ఐ హావ్ వన్ అంకుల్. హీ ఈజ్ వర్కింగ్ ఇన్ చాతమ్ సా మిల్. హీ ఈజ్ గుడ్ మ్యాన్.' పొట్టి పొట్టి వాక్యాలు. ఒక్క హూ లేదు, తప్పు పట్టడానికీ పెద్దగా ఏమీ లేదు. మాస్టారు సంతోషిస్తారు. పిల్ల ఇంగ్లీషు అక్కడే ఆగిపోతుంది.

తెలుగు వల్ల నిజంగా వచ్చే చిక్కు ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. 'మేం వచ్చిన ఓడ', 'అమ్మ కూర కోసిన కత్తి', 'నేను పుట్టిన ఊరు', 'తండ్రి పోయిన పిల్లాడు'. ఈ నాలుగింటినీ విప్పి చూడండి. ఓడలో వచ్చాం, కత్తితో కోసింది, ఊళ్లో పుట్టాను, పిల్లాడి తండ్రి పోయాడు. 'లో' ఏమైంది? 'తో' ఏమైంది? తెలుగు వాటిని దారిలోనే వదిలేసింది. ఓడ అన్నాక అందులోనే వస్తారని వినేవాడికి తెలుసులే అని ధీమా. ఇంగ్లీషుకు ఆ ధీమా లేదు. ఇన్ విచ్, విత్ విచ్, వేర్, హూజ్ అంటూ ప్రతిదానికీ లెక్క చెప్పమంటుంది. అందుకే మన పిల్లలు 'ద షిప్ విచ్ వుయ్ కేమ్ వాజ్ హర్షవర్ధన' అని రాస్తారు, 'ద బాయ్ హూ ఫాదర్ డైడ్' అని రాస్తారు. ఇవి తెలుగు నుంచి వచ్చినవే, సందేహం లేదు. తమిళ పిల్లలకూ ఇదే చిక్కు, వాళ్లూ 'నాంగళ్ వంద కప్పల్' అని 'లో'ను వదిలేసేవాళ్లే కాబట్టి.

కానీ దీనికి మందు ఎక్కడ ఉంది? ఆ తెలుగులోనే. 'ఓడ' దగ్గర ఆపి, 'ఓడను వచ్చామా, ఓడకు వచ్చామా, ఓడలో వచ్చామా?' అని అడిగితే పిల్లలు నవ్వి 'లో' అంటారు. ఆ 'లో'ను ఇంగ్లీషులో ఎక్కడో ఒకచోట దించాలి. ముందు దించితే 'ఇన్ విచ్ వుయ్ కేమ్', చివర దించితే 'విచ్ వుయ్ కేమ్ ఇన్'. చివర దించడం తప్పని 1672లో డ్రైడెన్ మహాకవి సణిగాడు. ఆయన తర్వాత కూడా ఇంగ్లీషువాళ్లు నిక్షేపంగా చివరనే దించుతూ వస్తున్నారు. పిల్లాడి విషయంలో 'ఎవరి తండ్రి?' అని అడిగితే హూజ్ దానంతటదే బయటికి వస్తుంది. చాక్‌పీసు ముక్క చాలు ఈ పాఠానికి. అయితే ఒక షరతు: ఆ గదిలో తెలుగు మాట్లాడనివ్వాలి. తెలుగు మాట్లాడితే ఫైను వేసే గదిలో 'ఓడలోనా, ఓడకా?' అని అడిగేది ఎవరు? తెలుగు వల్ల వచ్చిన తప్పును తెలుగును బయటికి గెంటి సరిచేస్తాననడం, తాళంచెవి సముద్రంలో పారేసి పెట్టె తెరుస్తాననడమే.

హూకీ హూమ్‌కీ తేడా మన పిల్లలకు అర్థం కాదన్నది ఇంకో అపవాదు. ఈ ద్వీపాల మడచెట్ల వాగుల్లో మొసళ్లు ఉంటాయి కాబట్టి మొసలినే తీసుకుందాం. 'మొసలి పట్టిన మనిషి'కీ 'మొసలిని పట్టిన మనిషి'కీ తేడా తెలియని తెలుగు పిల్ల పుట్టలేదు. మొదటివాణ్ని ఆస్పత్రికి తీసుకుపోవాలి, రెండోవాడికి దండ వెయ్యాలి. మొదటిది 'ద మ్యాన్ హూమ్ ద క్రొకడైల్ కాట్', రెండోది 'ద మ్యాన్ హూ కాట్ ద క్రొకడైల్'. 'ని' వెనక ఉంటే హూ, లేకపోతే హూమ్. ఆ ఒక్క 'ని' మోసే భారం మన పిల్లలకు పుట్టుకతో తెలుసు. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లు రోజువారీ మాటల్లో హూమ్‌ను దాదాపు వదిలేసి చాలాకాలమైంది, వాళ్లను ఎవరూ మీ మాతృభాష మానుకోండి అనలేదు.

ఆ మాటకొస్తే, మనవాళ్లు వేదంలా వల్లించే 'మనుషులకు హూ, వస్తువులకు విచ్' సూత్రం ఇంగ్లీషులోనే మొదటి నుంచీ లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పరలోక ప్రార్థన సాక్షాత్తూ దేవుణ్ని విచ్ అంటుంది. 1711లో లండన్ పత్రిక స్పెక్టేటర్ ఒక వెటకారపు అర్జీ అచ్చువేసింది: హూ, విచ్ ఇద్దరూ కలిసి, దట్ అనేవాడు వచ్చి మా చోటు ఆక్రమించుకున్నాడు మహాప్రభో అని మొరపెట్టుకున్నారు. దట్ ఎక్కడ, విచ్ ఎక్కడ అని 1926లో ఫౌలర్ ఒక గీత గీయబోయాడు. ఎక్కువ మంది రచయితలు ఆ గీత పాటించడం లేదని తనే రాసుకున్నాడు. రెండు మూడు వందల ఏళ్లుగా సొంతవాళ్లే తేల్చుకోని తగవులో మన పిల్లలకు అరమార్కు కోసే హక్కు ఏ గైడుకు ఉంది?

అన్నిటికన్నా నవ్వొచ్చేది ఇది: ఇంగ్లీషు ఆ సర్వనామాన్ని ఎన్నోచోట్ల తనే పారేస్తుంది. 'ద మ్యాన్ ఐ మెట్', 'ద ఫిష్ వుయ్ బాట్'. నేను కలిసిన మనిషి, మేం కొన్న చేప. హూమ్ లేదు, విచ్ లేదు. ఫీనిక్స్ బే జెట్టీలో ఎవరైనా 'ద బోట్ గోయింగ్ టు నీల్' అంటే అది 'నీల్ వెళ్లే బోటు'కు అద్దంలో నీడ. గోయింగ్ అంటే వెళ్లే. కాట్ అంటే పట్టిన. 'నిన్న పట్టిన చేప' అన్నదాన్ని తిరగేస్తే 'ద ఫిష్ కాట్ యెస్టర్‌డే'. ఈ దారిలో నడిపిస్తే మన పిల్లలు హూ, విచ్ ఊసెత్తకుండానే సగం దూరం వచ్చేస్తారు. ఆ దారి మూసేసి, ముళ్లున్న వైపు తోలి, కాళ్లు కోసుకుపోతే 'తెలుగు కాళ్లు కదా' అంటున్నాం. 'ద మ్యాన్ ఐ మెట్' అని సరిగ్గా రాసిన పిల్లకు కూడా మధ్యలో హూమ్ ఇరికించి ఎర్ర గుర్తు పెట్టేవాళ్లను నేను ఎరుగుదును.

కామా మాత్రం నిజంగా కష్టపడి నేర్పాల్సిన విషయం. అది చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఈ ద్వీపాలు చిన్నా పెద్దా కలిపి ఐదువందలకు పైనే, జనం ఉండేవి నలభై లోపు. 'ద ఐలండ్స్ విచ్ ఆర్ ఇన్‌హాబిటెడ్ నీడ్ జెట్టీస్' అంటే జనం ఉన్న ఆ కాసిని దీవులకు జెట్టీలు కావాలని. ఐలండ్స్ తర్వాత ఒక కామా, ఇన్‌హాబిటెడ్ తర్వాత ఒక కామా పెట్టామా, అన్ని దీవుల్లోనూ జనం ఉన్నారనీ, అన్నిటికీ జెట్టీలు కట్టాలనీ అయిపోతుంది. రెండు గీతలతో కొన్ని వందల జెట్టీలు! తెలుగు క్రియాజన్య విశేషణం ఈ తేడాను పైకి చూపించదు. 'జనం ఉన్న దీవులు' అంటే సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. రెండో అర్థం కావాలంటే తెలుగు వేరే వాక్యం కడుతుంది: 'ఈ దీవుల్లో జనం ఉన్నారు, వీటికి జెట్టీలు కావాలి.' ఇలా పక్కపక్కన పెట్టి చూపిస్తే కామా ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. పేర్ల దగ్గర కూడా అంతే. హేవ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయిందని ఇంగ్లీషులో విచ్ పెట్టి చెప్పాలంటే హేవ్‌లాక్ పక్కన కామా ఉండాలి, ఎందుకంటే హేవ్‌లాక్‌లు పది లేవు. ఇదంతా చెప్పని బడికి, దట్‌కు బదులు విచ్ రాస్తే కోపం వస్తుంది!

ఇంట్లో మాట మార్చమనే సలహా దగ్గరికి వస్తే, దాన్ని పాటించిన ఇళ్లు ఇక్కడ కనపడుతూనే ఉన్నాయి. తల్లికి ఇంగ్లీషు రాదు, తండ్రికి ఓడ మీద అక్కరకొచ్చే మేరకు వచ్చు. ఆ ఇద్దరూ కలిసి పిల్లతో ఇంగ్లీషులో మాట్లాడితే పిల్ల చెవిన పడేది 'కమ్', 'ఈట్', 'స్లీప్', 'హోమ్‌వర్క్ ఓవర్?' మాత్రమే. ఆ మాటల్లో రిలేటివ్ క్లాజు ఎక్కడ దొరుకుతుంది? అదే తల్లి తెలుగులో అయితే 'మొన్న మీ నాన్నతో గొడవపడ్డ ఆయన కూతురు పెళ్లికి మనం కట్నంగా పెట్టిన చీర ఇదేనే' అనగలదు. ఒక్క వాక్యంలో ఒకదానిలో ఒకటి దూరిన వర్ణనలు. అది విని అర్థం చేసుకున్న బుర్రకు హూ ఒక లెక్కా? ఆ వాక్యాన్ని ఆ ఇంటి నుంచి తీసేసి దాని చోట 'కమ్', 'ఈట్' పెట్టడమే ఇంగ్లీషు నేర్పడమని మనకు నమ్మబలుకుతున్నారు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81వ నంబరు జీవో తెచ్చి సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమం వైపు తిప్పబోయినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు ఇరుపక్షాలూ ఎంత అరిచాయో గుర్తుంది. ఏ మాధ్యమం అన్న ప్రశ్న మీద అంత రభస జరిగినా, ఏ మాధ్యమంలోనైనా ఈ హూమ్-హిమ్ పాఠం ఎలా చెప్పాలి అన్నది ఎవరికీ పట్టలేదు. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు కూడా అదే కొశ్చన్ బ్యాంకులో అదే 'కంబైన్' చేసి అదే హిమ్ రాస్తున్నారు.

ఇదంతా చెబితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది అంటారు. మొదటి బెల్లుకు తెలుగు మేడమ్ క్రియాజన్య విశేషణాలు చెబుతారు, 'తిన్న పండు, కోసిన పండు' అని. రెండో బెల్లుకు ఇంగ్లీషు సారు వచ్చి ఆ బోర్డు తుడిచేసి 'కంబైన్ ద ఫాలోయింగ్' అని రాస్తారు. ఇద్దరూ స్టాఫ్ రూములో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుంటారు. ఆ ఇంగ్లీషు సారు బోర్డు తుడవకుండా, 'తిన్న పండు' పక్కనే 'ద ఫ్రూట్ ఐ ఏట్' అని రాయడానికి బోర్డు నుంచి సర్క్యులర్ ఏమీ రానక్కర్లేదు.